చందా కట్టిన సంగతి

ఆడదాని గుట్టు బయటపడాలంటే పూర్వం ఎవరో ఒకరు శ్రమ తీసుకోవలసి వచ్చేది. పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగి చూడాలి, పాలవాడు నాలుగిళ్ళు తిరగాలి, వరసకు వదినగారు పనిమాలా మధ్యాహ్నం పూట రావాలి. ఇప్పుడు ఎవరికీ ఆ శ్రమ లేదు. బ్యాంకులో పాస్‌బుక్కులు అచ్చువేసే యంత్రం ఒకటి గోడవార నిలబడి వుంటుంది, చూశారా? దాని నోట్లో పుస్తకం పెడితే చాలు, బర్రుబర్రుమంటూ మన బతుకంతా అచ్చుకొట్టి చేతిలో పెడుతుంది.

మా భిక్నూరులో మా తమ్ముడికి ఆ యంత్రమంటే మహా సరదా. రిటైరైన దగ్గర నుంచి ఇంటిల్లిపాది పాస్‌బుక్కులూ చేతిసంచిలో వేసుకుని అప్పుడప్పుడూ బ్యాంకుకు వెళ్ళి రావడం ఆయనకో పండగ. తిరిగొచ్చి, అన్నానికి ముందు కళ్ళజోడు పెట్టుకుని అందరి లెక్కలూ పైకి చదువుతాడు. అందులో పెత్తనం ఏమీ లేదు పాపం. ఎవరి డబ్బు ఎక్కడ పోతుందోనని ఆదుర్దా, అంతే.

ఆ రోజు నేనూ అక్కడే వున్నాను. కూతురి పుస్తకం చదువుతూ ఆగిపోయాడు.

"బిడ్డా, గిదేంది? 1,499 రూపాయలు ఎవనికో పోయినయి. ఇంగ్లీషు పేరున్నది. మల్ల మూడు నెల్లకు గవ్వే పైసలు ఇంకోపారి పోయినయి. ఎవనికన్న ఓటీపీ గిట్ల చెప్పినవా?"

పిల్ల పలకలేదు.

"ఆగు, 1930కి ఫోన్ కొడ్దాం. పైసలు గుంజేటోళ్ళ మీద గా నంబరుకే చెప్పాల్నట" అని లేచాడు.

ఆ కంపెనీ పేరు నేనెప్పుడూ వినలేదు. కాని మా మేనకోడలి ముఖం ముప్ఫై మూడేళ్ళుగా చూస్తున్నదాన్ని. పళ్ళెం ముందు అలా తల దించుకుందంటే అది మోసపోయిన తల కాదు. ఆలోచించే వ్యవధి లేక, "ఎవడూ గుంజలేదురా. నేనే కట్టమన్న. నా పత్రిక చందా" అనేశాను.

"గంతనా అక్కా?"

"పత్రికలు పిరమైనయి. నువ్వు అన్నం తిను."

సాయంత్రం ఇద్దరం మా సిద్ధరామేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. ప్రదక్షిణలయ్యాక మెట్ల మీద కూర్చుని పిల్ల తనంతట తనే చెప్పింది. భర్త పోయి ఐదేళ్ళయింది. కామారెడ్డిలో ఉద్యోగం, రోజూ బస్సులో వెళ్ళిరావడం. ఇంట్లో ఎవరూ ఏమీ అనరు, ఏమీ అడగరు కూడా. ఆ అడగకపోవడమే బరువైపోయి, ఒక రాత్రి ఫోనులో ఒక డేటింగు యాప్‌లో చేరింది. ముందు ఉచితమే. ఎవరైనా పలకరిస్తే వాళ్ళ ముఖం చూడడానికి మాత్రం చందా కట్టాలి. కట్టింది. ఆ చందా మూడు నెలలకోసారి దానంతటదే కట్టుకుంటుందని తెలియదు. వచ్చిన మెసేజీలన్నీ ఏ రోజుకారోజు చెరిపేసింది. పాస్‌బుక్కును మరచిపోయింది.

"తప్పు చేసిన్నా అత్తా?"

"తప్పెక్కడిది? నీ పైసలు నువ్వు కట్టినవ్. రశీదు ఇంకొకరి చేతిల పడ్డది, గంతే" అన్నాను.

అన్నాను గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు సోషల్ పాఠాలు చెప్పినదాన్ని; ఏది జరిగినా, ఇంతకుముందు లోకంలో ఎప్పుడు జరిగిందా అని వెనక్కి చూసుకోవడం నాకు అలవాటైపోయింది. జీవితంలో తోడు వెతుక్కోవడానికీ ఖర్చయ్యేది డబ్బే కదా. ఆ డబ్బు లెక్కను మన ముందువాళ్ళు ఎలా దాచుకున్నారు?

మన పెద్దలు పరాయివాళ్ళకు చెప్పకూడనివి తొమ్మిది అన్నారు. వయస్సు, ధనం, ఇంటి లోపాలు, మంత్రం, మందు, దాంపత్యం, దానం, పొందిన గౌరవం, పడిన అవమానం. మా మేనకోడలి సంగతిలో ఇందులో రెండు ఒకేసారి వచ్చిపడ్డాయి. ఒకటి ధనం, రెండోది దాంపత్యం!

ధనం దాచడంలో ఆడవాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. మా అవ్వకు చీర కొంగే బ్యాంకు. నిజాం రాజ్యంలో మాకు వేరే నాణెం చెల్లేది, హాలీ సిక్కా అనేవారు. ఆ నాణేలు కొంగున ముడివేసి బొడ్లో దోపుకుంటే తాతకు కూడా లెక్క తెలిసేది కాదట. తర్వాత పోపుడబ్బా వచ్చింది. మా వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళు వారం కూలిలో నాలుగు రూపాయలు జీలకర్ర కింద పెట్టడం నేను ఎన్ని ఇళ్ళలో చూశానో! ఆ డబ్బు పిల్ల ఫీజుకో, పుట్టింటి పసుపుకుంకాలకో, తనకు జ్వరమొస్తే మందుకో. దొంగసొమ్మనే మాట ఎవరూ అనలేదు.

ఆ డబ్బాల మూతలన్నీ ఒక్క రాత్రిలో తెరుచుకున్నాయి. 2016 నవంబరు 8. అయిదువందలు, వెయ్యి నోట్లు చెల్లవని ప్రధాని టీవీలో చెప్పిన ఆ రాత్రి, మొగుడికి తెలియని నోట్లు మొగుడి చేతికే ఇచ్చి "మార్చుకు రా" అనవలసి వచ్చిన ఇల్లాళ్ళు మా వీధిలోనే వున్నారు. మీ వీధిలోనూ వుండే వుంటారు. డబ్బు పోలేదు గాని, గుట్టు పోయింది. ఇరవై ఏళ్ళ తర్వాత కూతురి పెళ్ళినాడు తీసి అందర్నీ ఆశ్చర్యపరుద్దామనుకున్న సంగతి, ఎవరో పెట్టిన ముహూర్తానికి బయటపడింది.

ఇక పోస్టాఫీసు. మా చిన్నతనంలో బొంబాయి నుంచి మనియార్డరు వస్తే వాడకట్టంతటికీ తెలిసేది. చదువురాని ఇల్లాలు వేలిముద్ర వేస్తే సాక్షి సంతకం కావాలి. ఆ సాక్షి పక్కింటాయనే. ఇక దాపరికం ఏముంది? మొగుడు ఎంత పంపాడో, కిందటి నెలకన్నా ఎంత తగ్గిందో, కింద చీటీలో ఏం రాశాడో అన్నీ వీధి అరుగు మీదే తేలిపోయేవి.

అంత బహిరంగమైన రోజుల్లో కూడా సంబంధాలు వెతుక్కునే వాళ్ళకు ఒక చాటు వుండేది. పత్రికల్లో వరుడు కావలెను, వధువు కావలెను అన్న ప్రకటనల చివర బాక్సు నంబరు వేసేవారు, గుర్తుందా? ప్రకటనకు డబ్బు కట్టినవారి పేరు పత్రికాఫీసుకు మాత్రమే తెలుసు. జవాబులన్నీ ఆ నంబరుకు వెళితే, అక్కడి గుమస్తా వాటిని అసలు మనిషికి పంపేవాడు. ఇది మనం కనిపెట్టింది కాదు. 1695 జూలైలో లండనులో జాన్ హౌటన్ అనే ఆయన నడిపిన వ్యవసాయం, వ్యాపారాల పత్రికలో ఒక ప్రకటన పడింది. ముప్ఫై ఏళ్ళ వయసు, మంచి ఆస్తి వున్న పెద్దమనిషికి మూడు వేల పౌనుల ఆస్తిగల అమ్మాయి కావాలని. ఆస్తి లెక్క వేశారు గాని మనిషి పేరు వేయలేదు! మూడువందల ఏళ్ళ కిందటే ఆ అవసరం కనిపెట్టిన పెద్దమనుషులు వున్నారన్నమాట.

అయితే అది అవివాహితుల సంగతి. మా పిల్లలాంటి వాళ్ళ సంగతి వేరు. దానికి నా మనసు తిన్నగా రాజమండ్రికి పోయింది.

1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. ఆమె చిన్నపిల్ల. పెళ్ళికూతుర్ని రాజమండ్రికి చేర్చడమే గుట్టుగా జరగవలసి వచ్చింది. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు మొహం చాటేస్తే, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరి నుంచి నీళ్ళు మోసి, వంట చేసి పెట్టారు. ఖర్చులకు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు వేల రూపాయలిచ్చి ఆదుకున్నారు. పెళ్ళికి వచ్చి పంక్తిలో కూర్చున్నవాళ్ళకు మాత్రం వెలి, ప్రాయశ్చిత్తం. ఎవరు వచ్చారో అందరికీ కనిపించింది కదా!

ఆ పెళ్ళికి బలమిచ్చిన 1856 నాటి చట్టంలో ఒక చిత్రం వుంది. అది వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని ఒక చేత్తో అనుమతి ఇచ్చి, రెండో చేత్తో మొదటి భర్త ఆస్తిలో ఆమెకున్న హక్కు లాగేసుకుంది. పెళ్ళినాడే ఆమె చనిపోయినట్లు లెక్కగట్టి, ఆ ఆస్తి తర్వాతి వారసులకు పోవాలని రాశారు. అంటే మళ్ళీ పెళ్ళి ఆలోచన వున్న ఆడదాని మీద, ఆమె బాగు కోరేవాళ్ళకన్నా ఆస్తి కోరేవాళ్ళ కళ్ళే ఎక్కువగా వుండేవన్నమాట. ముందుగా తెలిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అందుకే మూడుముళ్ళు పడేదాకా గుట్టు. ఆ చట్టాన్ని 1983లో రద్దు చేశారు. ఆ కళ్ళు రద్దయ్యాయని మాత్రం నేను చెప్పలేను.

తర్వాత ఈ వెతుకులాటలోకి యంత్రాలు వచ్చాయి. 1965లో అమెరికాలో హార్వర్డు విద్యార్థులు కొందరు కంప్యూటరుతో జోడీలు కుదిర్చే పని మొదలుపెట్టారు. మూడు డాలర్లు కట్టి ప్రశ్నల కాగితం నింపి పంపితే, తమకు సరిపోయే వాళ్ళ పేర్లు పోస్టులో వచ్చేవి. ఫ్రెంచివాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. 1982 నుంచి అక్కడి టెలిఫోను శాఖ ఇంటింటికీ మినిటెల్ అనే చిన్న తెర వున్న పెట్టెను ఉచితంగా ఇచ్చింది. రైలు టిక్కెట్లు, ఫోన్ నంబర్లు చూసుకోవడానికి. జనం ఏం చేశారు? రాత్రిళ్ళు దాని మీద మారుపేర్లతో కబుర్లు మొదలుపెట్టారు. వాటికి గులాబీ కబుర్లని పేరు కూడా పడింది! 1984లో పెట్టిన పద్ధతి ప్రకారం ఆ రుసుమంతా టెలిఫోను బిల్లులో కలిసి వచ్చేది. రైలు వేళలు చూశారో, రాత్రంతా కబుర్లాడారో బిల్లు చెప్పదు. 2012లో ఆ పెట్టె మూతపడింది గాని, దాచుకోవలసిన ఖర్చును అలా మామూలు బిల్లులో దాచిన తెలివి మాత్రం మెచ్చుకోవలసిందే. అయితే పేరు రాకపోయినా అంకె వస్తుంది కదా. బిల్లు వుబ్బితే ఇల్లాలు అడగకుండా వుంటుందా?

గుట్టునే సరుకుగా అమ్మినవాళ్ళ కథ కూడా వినండి. ఆష్లీ మాడిసన్ అని కెనడా వాళ్ళది ఒక సైటు. పెళ్ళయినవాళ్ళు ఇంట్లో తెలియకుండా స్నేహాలు చేయడానికే అని బాహాటంగా చెప్పుకుని నడిపారు. 2015లో దొంగలు అందులోకి చొరబడి, మూడు కోట్లకు పైగా ఖాతాల వివరాలు లోకం మీద పారబోశారు. డబ్బు కట్టినవాళ్ళ పేర్లు, చిరునామాలు కూడా అందులో వున్నాయి. 19 డాలర్లు కడితే మీ ఆనవాళ్ళన్నీ తుడిచేస్తామని ఆ కంపెనీ అంతకుముందు డబ్బు పుచ్చుకుంది. తీరా చూస్తే, తుడిచినందుకు కట్టిన డబ్బు లెక్క తుడవలేదు! ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. ఈ లంకలో మాత్రం విభీషణుడి పని చేసింది చిట్టాపుస్తకమే.

ఇది మా మేనకోడలికి చెబితే, "నేను ఎవర్ని మోసం చేసిన్నని అత్తా?" అంది. నిజమే. కట్టుకున్నవాళ్ళ కళ్ళు కప్పే గుట్టు వేరు, ఒంటరిగా వున్న మనిషి తన మనసు తనకే ఇంకా తేలనప్పుడు దాచుకునే గుట్టు వేరు. రెండింటికీ ఒకే రశీదు వస్తుంది. చదివేవాడికి తేడా తెలియదు. చిక్కంతా అక్కడే.

మరి ఆ రశీదు మీద హక్కు ఎవరిది? దీనికి జవాబు మన హైదరాబాదు వ్యాజ్యంలోనే దొరికింది. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టాన్ని సవరించి, కలెక్టరు రాతపూర్వకంగా అధికారమిచ్చిన ఏ మనిషైనా బ్యాంకుల్లోకి కూడా వెళ్ళి కాగితాలు తిరగేయవచ్చని, పట్టుకుపోవచ్చని రాసింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారుకూ కెనరా బ్యాంకుకూ నడిచిన ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2004 నవంబరులో ఆ సవరణ చెల్లదని కోర్టు తేల్చింది. కాగితం బ్యాంకు బీరువాలో వున్నంతమాత్రాన ఖాతాదారు గుట్టు పోదని, గుట్టు మనిషిని అంటిపెట్టుకుని వుండేదే గాని ఇంటి నాలుగు గోడలను కాదని ఆ తీర్పు సారాంశం. అమెరికాలో 1976లో వచ్చిన తీర్పు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అక్కడ 1978లో వేరే చట్టం తెచ్చి కొంత సరిదిద్దుకోవలసి వచ్చింది. ఆ తర్వాత 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, ఎవరి గుట్టు వాళ్ళకుండడం రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కు అన్నారు.

సర్కారు కలెక్టరుకే లేని అధికారం ఇంట్లో నాన్నకు వుందా అంటే, పాపం మా తమ్ముడు ఏ అధికారమూ అడగలేదు. సంచీ పట్టుకుని మన పని చేసిపెడుతున్నాడు! కోర్టులు అడ్డుకోగలిగేది అధికారిని. ప్రేమగా పుస్తకం తెరిచేవాళ్ళను మనమే నొప్పించకుండా పక్కకు తిప్పాలి.

అందుకని అత్తాకోడళ్ళం కూర్చుని మా చట్టం మేం రాసుకున్నాం. మొదటిది, పిల్ల కామారెడ్డిలో ఉద్యోగం చేసేచోటే ఇంకో బ్యాంకులో తన ఒక్కదాని పేరున, తన ఫోను నంబరుతో ఖాతా తెరిచింది. ఆ పుస్తకం తన బీరువాలోనే. పాత పుస్తకం నాన్న సంచిలోనే వుంది, ఆయన పండగ ఆయనకుంది. రెండోది, దానంతటదే కట్టుకునే చందాను ఫోనులో వెతికి ఆపేసింది. కార్డు మీద ఇలా మళ్ళీ మళ్ళీ కట్టే డబ్బుకు ఇరవైనాలుగు గంటల ముందే కబురు రావాలని రిజర్వు బ్యాంకు నియమం 2021 అక్టోబరు నుంచి అమలులో వుంది. ఆ కబురు ఎవరి ఫోనుకు పోతుందో, ఏ ఈమెయిలుకు పోతుందో చూసుకోవలసింది మనమే. చాలా ఇళ్ళలో అమ్మ ఖాతాకు కొడుకు నంబరు, కోడలి ఖాతాకు కొడుకు నంబరే వుంటుంది. మీదీ ఒకసారి చూసుకోండి. ఫోనులోని యాప్ దుకాణం ద్వారా కడితే బ్యాంకు పుస్తకంలో సాధారణంగా ఆ దుకాణం పేరే పడుతుంది, అసలు వివరం ఈమెయిలుకు వెళుతుంది. ఆ ఈమెయిలు ఇంట్లో నలుగురూ చూసేదైతే మాత్రం కథ మళ్ళీ మొదటికే.

మూడోది నేను పట్టుబట్టి పెట్టించిన షరతు. ఎంత గుట్టైనా ఒక్క మనిషికి తెలిసి వుండాలి. తోడు వెతుక్కునే ఆడవాళ్ళను వలలో వేసి డబ్బు గుంజే దొంగలు కూడా ఈ లోకంలోనే తిరుగుతున్నారు. వాళ్ళ ధైర్యమంతా ఈవిడ ఎవరికీ చెప్పుకోలేదన్నదే. "ఎవడన్న ముఖం చూపియ్యకుండ పైసలడిగిండనుకో, ముందు నాకు చెప్పు. అప్పుడు 1930కి నేనే ఫోన్ చేస్త" అన్నాను. పిల్ల నవ్వింది. ఆ నవ్వు చూసి ఐదేళ్ళయింది.

మీకొక అనుమానం రావచ్చు. ఇంత గుట్టు గురించి చెప్పి, నువ్వే పత్రికలో రాస్తున్నావేమమ్మా అని. ఆమె చదివి సరేనన్నాకే, మనిషి ఆనవాలు దొరకకుండా కొన్ని గుర్తులు మార్చి రాశాను.

అసలు సంగతి ఇంకోటుంది. రెండు నెలల తర్వాత ఒక ఆదివారం, నాన్న ఒక్కడే వున్న వేళ చూసి, ఆ పిల్ల తనే ఆయనకు చెప్పేసింది. ఎవరూ పట్టుకోలేదు, ఏ పుస్తకమూ బయటపెట్టలేదు. చెప్పాలనిపించిన రోజున చెప్పింది. ఇన్నాళ్ళూ కొంగుముళ్ళు, పోపుడబ్బాలు, బాక్సు నంబర్లు కాపాడింది ఆ రోజునే అనిపించింది నాకు. ముందు మనిషి చెప్పాలి, తర్వాత లెక్క చెప్పాలి.

మా తమ్ముడు కాసేపు పలకలేదట. తర్వాత, "నాకు గా దినమే ఎర్కయింది బిడ్డా. మీ అత్త ఎన్నడన్న పత్రికకు చందా కట్టిందా? లైబ్రరీలనే సదువుతది" అన్నాడట! రెండు నెలలు నోరు విప్పకుండా, ఏమీ తెలియనట్లే అన్నం తిన్నాడు. నేను ఇంత చరిత్ర తవ్వి తెలుసుకున్న సంగతి వాడికి ముందే తెలుసన్నమాట.

ఇంతకీ ఎవరైనా దొరికారా అని కదూ మీరు అడగబోతున్నారు? అది ఆమె చెప్పవలసిన కబురు.